మేక ఏమంది?

పోయినవారం జిప్పులమ్మాయిని డాబా మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఒక చేతిలో ఎవరిదో సూట్‌కేసు మూత, పెదాల మధ్య రెండు గుండుసూదులు, ఒక కాలు పై మెట్టు మీద, ఇంకో కాలు కింది మెట్టు మీద. పైనుంచి మీటరాయన, "అమ్మా, ఒకసారి పైకి రండి. మీ ఇంట్లో ఎవరో నా మీటరుతో ఆటలాడుతున్నారు" అని పిలిచాడు. అక్కడ ఆగాం.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. విమానాలు దిగే దారికి సరిగ్గా కింద పడ్డ వీధి అది. మొత్తం పద్దెనిమిది ఇళ్ళు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నాలుగు నిమిషాలకొకటి చొప్పున నెత్తి మీదుగా దిగే విమానాలను చవిటినేలల వైపు ఉన్న రెండో రన్‌వేకి మళ్ళించమని ఆ పద్దెనిమిది ఇళ్ళూ కలిసి నగరపాలక సంస్థకు పిటిషన్ పెట్టాయి. ఆఫీసువాళ్ళు ఔననలేదు, కాదనలేదు. మీటరు పెట్టారు. రెండు నెలల మోత సగటు హద్దు దాటితే విమానాలు మళ్ళుతాయి, దాటకపోతే మళ్ళవు. ఎత్తుగా, చుట్టూ అడ్డం లేని డాబా కావాలంటే జిప్పులమ్మాయి తన డాబా ఇచ్చింది. పేరును బట్టే ఆమె పనేమిటో తెలుస్తోంది. విమానాశ్రయానికి వెళ్ళే దారి కాబట్టి ఊడిన జిప్పులతో వచ్చే ప్రయాణాల పెట్టెలకు కొదవ లేదు. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. ఇంట్లో ఉండేది తనూ, అత్తగారూ, మూడున్నరేళ్ళ కూతురూ.

ఆ కూతురే అసలు సంగతి. వీధంతా గువ్వ అని పిలిచే ఆ పిల్లకు ఇంతవరకు మాట రాలేదు. చెవులు బాగున్నాయన్నారు, నాలుక బాగుందన్నారు. మాట మాత్రం లేదు. పిటిషన్‌లో మొదటి వాక్యం జిప్పులమ్మాయి తన చేత్తో రాసింది: "నా బిడ్డకు మూడున్నరేళ్ళు. ఈ మోత కింద ఆ బిడ్డకు ఒక్క మాట కూడా రాలేదు." ఆఫీసులో ఆ కాగితం చదివిన గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడని మనం నాలుగు వారాల కింద చెప్పుకున్నాం.

శుక్రవారం కమిటీ తేల్చేస్తుంది. ఇవాళ బుధవారం. మధ్యాహ్నం మూడున్నర దాటింది.

జిప్పులమ్మాయి పైకెక్కింది.

డాబా మీద ఆమెకు తెలియనిదేమీ లేదు. రెండు తీగల మీద ఆరిన బట్టలు, నీళ్ళ ట్యాంకు, పిట్టగోడకు ఆనించిన విరిగిన కుర్చీ. మధ్యలో మనిషెత్తు ఇనుప కడ్డీ, దాని కొసన నారింజకాయంత నల్లటి స్పాంజి ఉండ. ఆ ఉండలో మైకు. కడ్డీ మొదట్లో తాళం వేసిన పెట్టె. మీటరాయన ఆ పెట్టె తెరిచి, దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. రోజంతా మోతలు కొలిచే ఉద్యోగం కాబట్టి కాబోలు, ఆయన గొంతు మాత్రం పక్కవాడికి కూడా సరిగ్గా వినపడదు.

"ఏమయిందండీ? పాడయిందా?" అంది జిప్పులమ్మాయి, సూదులు తీసి చీరకొంగుకు గుచ్చుకుంటూ.

"పాడయితే బాగుచేద్దును. ఇది చూడండి."

బారెడు కాగితం నేల మీద పరిచాడు. ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు బట్టల క్లిప్పులు పెట్టాడు. కాగితం నిండా ఒక గీత, లేస్తూ పడుతూ.

"ఇది రెండు నెలల లెక్క. మొదటి రెండు వారాలూ చూడండి, సాయంత్రాలు ఎలా లేచిందో. హద్దుకి ఇంత పైన. ఆ తర్వాత చూడండి. రోజూ నాలుగూ ఐదు నిమిషాలకి గీత గబుక్కున కింద పడుతుంది. అయిదున్నరకి మళ్ళీ లేస్తుంది. విమానాలు అసలు ఎక్కువ దిగేది ఆ గంటన్నరలోనే. ఆ గంటన్నరా మీ వీధి దాటేటప్పుడు విమానాలు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వెళ్తున్నాయా అమ్మా?"

ఆమెకు నవ్వు రాలేదు. "సగటు ఎంతొచ్చింది?"

"హద్దుకి ఒకటిన్నర తక్కువ."

ఒకటిన్నర అంటే ఎంతో ఆమెకు తెలియదు. తక్కువ అంటే ఏమిటో తెలుసు.

"అంటే మళ్ళించరా?"

ఆయన నోరు తెరిచాడు. అప్పుడే తూర్పు వైపునుంచి విమానం వచ్చింది. ఆయన నోరు మూసుకున్నాడు. రెండు నెలలుగా వచ్చిపోతున్నాడు కదా, ఆ వీధి అలవాటు ఆయనకూ పట్టింది.

ఆ అలవాటు గురించి చెప్పాలి. విమానం వస్తే అక్కడివాళ్ళు మాట ఎక్కడుంటే అక్కడ ఆపేస్తారు. "నిన్న మా అన్న" దగ్గర ఆపి, అది దాటిపోయాక "య్య వచ్చాడు" దగ్గర అందుకుంటారు. ఆగిన కాసేపూ ఎవరి ముఖంలోకి ఎవరూ చూడరు, గోరు చూసుకుంటారు, గోడ చూసుకుంటారు. వింటున్నవాళ్ళు "పోయింది, చెప్పు" అంటే మాట మళ్ళీ నడుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇది చూస్తే కరెంటు పోయి వచ్చినట్టు ఉంటుంది. పోట్లాటలు కూడా అలాగే జరుగుతాయి. తిట్టు సగంలో ఆపి, చెయ్యి గాల్లో అలాగే ఉంచి, విమానం పోయాక పూర్తి చేస్తారు.

ఆ వీధిలో ఆగనిది ఒక్క జిప్పులమ్మాయే. ఏడాది కింద మాటల డాక్టరు ఆమెతో, పిల్లతో ఎప్పుడూ మాట్లాడుతూ ఉండమ్మా, ఆపకు అని చెప్పింది. ఆమె ఆపలేదు. వంట చేస్తూ, మిషను తొక్కుతూ, తల దువ్వుతూ గువ్వ చెవి దగ్గర మాట్లాడుతూనే ఉంటుంది. విమానం వస్తే గొంతు పెంచుతుంది. ఇంకా పెద్ద విమానమైతే ఇంకా పెంచుతుంది. ఇప్పుడు కూడా ఆ మోతలోనే అరిచింది.

"అంటే మళ్ళించరా అని అడుగుతున్నా! ఇన్నాళ్ళూ నా డాబా మీద ఆ కడ్డీ ఎందుకు పెట్టినట్టు!"

మీటరాయన ఆమె పెదాల వంక చూస్తూ ఊరుకున్నాడు. మోత చవిటినేలల దాకా వెళ్ళి సద్దుమణిగాక నెమ్మదిగా అన్నాడు.

"ఉన్న లెక్క ఇలాగే పంపితే మళ్ళించరు. కానీ ఈ లెక్క నిజం కాదు. ఎవరో రోజూ మైకు మూస్తున్నారు. రెండు గురువారాలు మాత్రం మూయలేదు. ఇదిగో ఇదొకటి, ఇదొకటి. ఆ రెండు రోజులూ గీత పైనే ఉంది. ఆ రోజుల్లో మీ ఇంట్లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి."

ఆమె తేదీలు చూసింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆ రెండు గురువారాలూ అత్తగారు కంటి ఆసుపత్రికి వెళ్ళింది. ఒకసారి చుక్కలు వేయించుకోవడానికి, ఒకసారి కొత్త అద్దాలకు. రెండుసార్లూ చీకటి పడే ముందు వచ్చింది.

ఈ మాట ఆమె పైకి అనలేదు.

"ఇంకోటి" అన్నాడు ఆయన, జేబులోంచి చిన్న పొట్లం తీసి విప్పుతూ. "స్పాంజికి ఇది అంటుకుని ఉంది."

గులాబీ రంగు ఉన్ని నూగు. చిటికెడు కూడా లేదు. గువ్వ ఉన్నిటోపీ కనపడక నెల దాటింది. ఇల్లంతా వెతికి, చివరికి పక్కింటి కుక్క మీద నేరం మోపి, ఆ ఇంటామెతో రెండు రోజులు మాట్లాడటం కూడా మానేసింది జిప్పులమ్మాయి.

తీగకు వేలాడుతున్న క్లిప్పుల సంచి వైపు వెళ్ళింది. అది అత్తగారి సంచి. బట్టలు ఆరేయడం, తియ్యడం ఆవిడ పనే. అందులో ఇంకొకరు చెయ్యి పెట్టే అవసరం ఎప్పుడూ రాలేదు. పై వరుస క్లిప్పులు తీసి పక్కన పోస్తే అడుగున తగిలింది, మెత్తగా.

బయటికి తీసి చూస్తే ఒక ముద్ద. లోపల గులాబీ టోపీ, దాని మీద దూది పొర, దాని మీద పాత సూట్‌కేసుల లోపలి గుడ్డ నాలుగు మడతలు, కింద బిగించడానికి నాడా. అన్నీ కలిపి నల్లదారంతో కుట్టి ఉంది. కుట్టు చూడగానే జిప్పులమ్మాయికి ఇంకెవరినీ అడిగే పని లేకపోయింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మధ్యలో తప్పి వెనక్కి వచ్చిన కుట్టు. కొత్త అద్దాలు రాకముందు కుట్టిన కుట్టు.

"దొరికిందా?" అన్నాడు మీటరాయన.

"దొరికింది."

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. అత్తగారు ఒక చేత్తో గువ్వను పట్టుకుని, ఇంకో చేత్తో బట్టల బుట్ట పట్టుకుని పైకి వచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పయ్యేళ్ళు పనిచేసిన మనిషి. ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే "ఆఁ, చెప్పండి" అంటుంది. కోడలి చేతిలో ఉన్నది చూసి మూడో అడుగులోనే ఆగిపోయింది. గువ్వ చెయ్యి వదిలించుకుని సంచిలోంచి కింద పోసిన క్లిప్పుల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఎర్రవి ఒకవైపు, నీలివి ఒకవైపు పేర్చడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, ఇదేమిటి?"

"దుమ్ము పడుతుందని తొడిగాను."

"ఈ టోపీ కోసం నేను పక్కింటావిడతో తగువు పెట్టుకుంటుంటే మీరు పక్కనే నిలబడ్డారు."

"ఆ కుక్క ఇంతకు ముందు ఎన్ని ఎత్తుకుపోలేదు? ఇదొకటి దాని లెక్కలో ఉంటే వచ్చిన నష్టమేముంది?"

"అత్తయ్యా!"

"దుమ్ము, ఎండ, పావురాలు. నాయనా, నువ్వే చెప్పు, పావురాలు ఎంత పాడు చేస్తాయో."

మీటరాయన గీత మీద వేలు పెట్టాడు. "అమ్మా, రోజూ నాలుగూ ఐదు నుంచి అయిదున్నర దాకానే పావురాలు వస్తాయా?" అన్నాడు.

అత్తగారు బుట్ట కింద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ అబద్ధం ఆడలేని మనిషేం కాదు. ఒక అబద్ధం పనిచేయదని తెలిసినప్పుడు దాన్ని వదిలేసే మనిషి. అందుకే ఆవిడతో పోట్లాడటం కష్టం.

"నువ్వు దీన్ని బిగించిన రోజు నేనొక మాట అడిగాను, గుర్తుందా? ఇది వింటుందా అని."

"గుర్తుంది."

"వినడమే దీని పని అన్నావు."

"మోత కొలుస్తుందని దానర్థం."

"నాకు తెలుసులే నాయనా మధ్యలో కూర్చునేవాటి సంగతి. ముప్పయ్యేళ్ళు నేనూ మధ్యలోనే కూర్చున్నా. కలపడమే మా పని అని బయటికి చెప్పేవాళ్ళం. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో అన్నీ మా చెవిలోనే పడేవి."

మీటరాయన పెట్టె వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "మీరు అనుకున్నది పూర్తిగా తప్పు కాదు" అన్నాడు.

అత్తగారు కోడలి వంక చూసింది, చూశావా అన్నట్టు.

"హద్దు దాటి మోత వచ్చినప్పుడల్లా ఇది కొన్ని సెకన్లు రికార్డు చేసి దాచుకుంటుంది. అది విమానమా, లారీ హారనా, ఎవరైనా కావాలని డబ్బాలు వాయించారా అని తర్వాత తేల్చుకోవాలి కదా. మామూలుగా నేను అన్నీ వినను. ఈ గీత పడిపోయింది కాబట్టి రాత్రి కూర్చుని విన్నాను. మూత ఉన్నా పెద్ద విమానాలు కొన్ని దొరికాయి. పద్నాలుగు." ఆయన కళ్ళు క్లిప్పులు పేరుస్తున్న గువ్వ మీదికి వెళ్ళి వచ్చాయి. "అమ్మా, మీరు ఒకటి వినాలి. విన్నాక ఏం చెయ్యాలో మీరే చెప్పండి."

చెవిలో పెట్టుకునేది ఒకటి తీసి, కొంగుతో తుడుచుకోమన్నట్టు ఆమెకిచ్చాడు. అత్తగారు లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"వద్దమ్మాయ్" అంది. ఆ గొంతు కొత్తగా ఉంది. "శుక్రవారం దాకా ఆగు. తర్వాత నేనే చెప్తా."

జిప్పులమ్మాయి చెవిలో పెట్టుకుంది.

ముందు మోత. కానీ తనకు తెలిసిన మోత కాదు. బొంత కప్పుకుని గురక పెట్టినట్టుంది. అది తగ్గింది. గుడ్డ రాసుకున్న చప్పుడు. ఎవరో దగ్గరికి జరిగినట్టు. ఆ తర్వాత, మోత పోయి ఖాళీ అయిన చోట, చాలా స్పష్టంగా, చిన్న గొంతు:

"పోయింది. మేక ఏమంది?"

"మేకా? రాంగ్ నంబరండీ, పెట్టేయండి అంది." అది అత్తగారి గొంతు.

కిసుక్కుమని నవ్వు. టక్‌మని ఆగిపోయింది.

జిప్పులమ్మాయి అలాగే నిలబడింది. "ఇంకోసారి" అంది. ఆయన ఇంకోసారి పెట్టాడు. "ఇంకోసారి." మూడోసారి విన్నాక చెవిలోది తీసి అరచేతిలో పెట్టుకుని, అది మళ్ళీ మాట్లాడుతుందేమో అన్నట్టు చూసింది.

ఆ గొంతు ఎలా ఉంటుందో ఆమె మూడున్నరేళ్ళు ఊహించుకుంది. కాస్త కీచుగా ఉంటుందనుకుంది, తనలాగా. అలా లేదు. కొంచెం బొంగురుగా, తండ్రి గొంతులా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెలా పదిహేను రోజులు."

"రోజూనా?"

"రోజూ. బట్టలు తియ్యడానికి పైకి తెచ్చినప్పుడు. ఈ గోడ నీడలో కూర్చుని కథ చెప్తా. ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసే మేక కథ. విమానం వస్తే ఆపుతా. పోయాక మళ్ళీ చెప్తా. ఒకరోజు విమానం పోయింది కదా అని నేను మొదలుపెట్టే లోపల గువ్వే అంది."

"ఏమంది?"

"పోయింది అంది."

"మొదటి మాట అదేనా?"

"అదే."

జిప్పులమ్మాయి పిట్టగోడ పట్టుకుంది. అమ్మ అని కాదు. నానమ్మ అని కూడా కాదు. ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. "నేను అడుక్కోని డాక్టరు లేడు. ఒక్క మాట, ఒక్క మాట అని ఏడ్చాను మీ ముందు. మీరు నా వీపు నిమిరారు. పైన కూర్చుని రోజూ మాట్లాడించుకుంటూ కిందికొచ్చి నా వీపు నిమిరారు!"

"చెప్తే నువ్వు ఊరుకుంటావా? వీధి వీధంతా చాటింపు వేస్తావు. నీ ముఖం చూస్తే చాలు, చంటిపిల్లలకు కూడా తెలిసిపోతుంది. నువ్వు సంతకం పెట్టిన రోజు అది నిజమే. మీటరు పెట్టిన పదిహేను రోజులకు నిజం కాకుండా పోయింది. పద్దెనిమిది ఇళ్ళు నీ కూతురి నోటి మీద కూర్చుని ఉన్నాయమ్మాయ్. అది నోరు విప్పిందని తెలిస్తే ఆ కాగితం చించి అవతల పారేస్తారు. ఇంతా చేసి ఈ కడ్డీ వినేస్తుందేమోనని నా భయం. ఫోను మీద చెయ్యి పెడితే అవతలివాళ్ళకి వినపడదు కదా. నేను చేసింది అంతే."

"మీరు చెయ్యి పెట్టబట్టే లెక్క పడిపోయింది."

"నాకేం తెలుసు ఇది మోత కూడా కొలుస్తుందని!" అంది అత్తగారు. అనగానే ఆ మాట తనకే ఎలాగో వినిపించినట్టుంది, అద్దాలు సర్దుకుంది.

మీటరాయన పిట్టగోడ అవతలికి చూస్తూ పెదవి కొరుక్కున్నాడు. నవ్వు ఆపుకోవడానికని మనకు తెలుసు, జిప్పులమ్మాయికి కూడా తెలిసింది.

"అది సరే, నాతో ఎందుకు మాట్లాడదు?" ఈసారి గొంతు తగ్గింది. "మీతో మాట్లాడినప్పుడు నాతో ఎందుకు మాట్లాడదు? నేను పొద్దున్న లేచిన దగ్గర్నుంచి దానితో మాట్లాడుతూనే ఉంటా కదా. ఒక్క క్షణం ఆపనే."

అత్తగారు జవాబు చెప్పలేదు. విమానం ఏదీ రావడం లేదు, అయినా చెప్పలేదు. గోరు చూసుకుంది.

"చెప్పండి అత్తయ్యా."

"నువ్వే చెప్పావు కదమ్మా ఇప్పుడు."

"ఏం చెప్పాను?"

"ఆపనని."

కింద ఎవరింట్లోనో గిన్నె దొర్లిన చప్పుడు. గువ్వ తల ఎత్తి ఆ వైపు చూసి, మళ్ళీ క్లిప్పుల్లో పడింది. ఎర్రవాటి వరుస నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళింది.

జిప్పులమ్మాయికి ఏదో అనాలని ఉంది. మాటల డాక్టరు అలా చెప్పింది అనాలి. పక్కన మీరుండి ఒక్కసారైనా చెప్పొచ్చు కదా అనాలి. మిషను మీద దారం తెగినప్పుడు చక్రం మాత్రం తిరుగుతూనే ఉన్నట్టు, పెదాలు కదిలాయి, మాట రాలేదు.

మీటరాయన దగ్గాడు. ఆయనకు ఇంకో ఇంటికి వెళ్ళే పని ఉంది.

"అమ్మా, నేను మోత కొలిచేవాణ్ణి. మీ ఇంటి సంగతులు కొలిచేవాణ్ణి కాదు. రెండు దారులున్నాయి. ఒకటి, ఈ లెక్క ఇలాగే పంపుతా. హద్దుకి ఒకటిన్నర తక్కువ. శుక్రవారం రెండు నిమిషాల్లో తేల్చేస్తారు, విమానాలు ఇలాగే వస్తాయి. రెండోది, మైకు మూసి ఉందని రాస్తా. అలా రాస్తే ఆ గంటలు కొట్టేసి, మొదటి రెండు వారాల సాయంత్రాల్ని పట్టి లెక్క కడతారు. అప్పుడు హద్దు దాటుతుంది. కానీ ఊరికే రాస్తే నమ్మరు. ఈ పద్నాలుగు రికార్డులూ జత చెయ్యాలి. కమిటీ వింటుంది. విమానాశ్రయంవాళ్ళ తరఫున వచ్చినవాళ్ళూ వింటారు."

"మేక సంగతి కూడా వింటారా?" అంది అత్తగారు.

"మేకతోనే మొదలుపెడతారు."

ఒక కాగితం, దాని మీద కలం పెట్టి జిప్పులమ్మాయికి ఇచ్చాడు. "రెండో దారి అయితే ఇక్కడ సంతకం కావాలి. ఇంటివాళ్ళది. ఇవాళే పంపాలి."

ఆమె కలం తీసుకుంది. సంతకం పెడితే మోత నిజమని తేలుతుంది, తను రాసిన మొదటి వాక్యం అబద్ధమని కూడా తేలుతుంది. పెట్టకపోతే వాక్యం నిలబడుతుంది, మోత నిలబడుతుంది. ఎటు చూసినా మధ్యలో ఉన్నది ఆ బొంగురు గొంతు. తన చెవికి నేరుగా ఒక్కసారి కూడా వినపడని గొంతు.

అప్పుడే కింద వీధిలోంచి పిటిషన్ మాస్టారు కేక వినిపించింది. డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యారు, పద్దెనిమిది ఇళ్ళ సంతకాలూ ఆయనే కూడగట్టారు.

"అమ్మాయ్! ఏమమ్మాయ్, పైనున్నారా? కమిటీవాళ్ళు శుక్రవారం దాకా ఎందుకని ఇవాళే వచ్చేశారు! ముగ్గురొచ్చారు! మీటరు చూస్తారట, పాపను కూడా ఒకసారి కళ్ళారా చూస్తారట!"

అత్తగారు కుర్చీలోంచి లేచిన వేగం చూస్తే ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్నాయంటే ఎవరూ నమ్మరు. టోపీ ముద్ద తీసి బట్టల బుట్టలో కూరింది, పైన దుప్పటి కప్పింది.

"నేను దీన్ని వెనక గదిలోకి తీసుకుపోతా. పడుకుందని చెప్పు. జ్వరమని చెప్పు. రావే తల్లీ, రా."

గువ్వ రాలేదు. నీలి వరుస ఇంకా పూర్తి కాలేదు. ఒక క్లిప్పు పళ్ళ మధ్య పట్టుకుని, రెండు చేతులతో రెండు క్లిప్పులు అమరుస్తోంది.

కింది మెట్ల మీద బూట్ల చప్పుడు. "చూసుకుని రండి సార్, మూడో మెట్టు విరిగింది" అంటున్నారు మాస్టారు.

"అమ్మాయ్, అలా చూస్తావేం? పట్టుకో దాన్ని, ఎత్తుకో!"

"ఉండనివ్వండి" అంది జిప్పులమ్మాయి.

"ఏమిటీ?"

"ఉండనివ్వండి అత్తయ్యా."

కలం, కాగితం పిట్టగోడ మీద పెట్టింది. వెళ్ళి గువ్వ ఎదురుగా నేల మీద కూర్చుంది. పిల్ల తల ఎత్తి తల్లి వంక చూసింది. అలవాటు ప్రకారం జిప్పులమ్మాయి నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో ఆమెకే తెలియదు. మాట్లాడు తల్లీ అనో, మాట్లాడకు తల్లీ అనో.

తూర్పు వైపునుంచి నాలుగూ ఐదు విమానం వచ్చింది. పెద్దది. ఇవాళ మైకుకు టోపీ లేదు.

మెట్ల మీద బూట్లు ఆగిపోయాయి. మాస్టారు అలవాటుగా ఆగి ఉంటారు, ఆయన ఆగారు కాబట్టి వెనకున్న ముగ్గురూ ఆగి ఉంటారు. మీటరాయన పెట్టె తలుపు మీద చెయ్యి అలాగే ఉంచాడు. అత్తగారు బుట్ట పట్టుకుని అలాగే నిలబడింది. నీడ డాబా మీదుగా, తీగ మీది దుప్పట్ల మీదుగా, పేర్చిన క్లిప్పుల మీదుగా వెళ్ళింది. పిట్టగోడ మీద కలం అదిరి, దొర్లి, కింద పడింది.

జిప్పులమ్మాయి నోరు మూసుకుంది.

మోత వీధి చివరి ఇల్లు దాటింది. చవిటినేలల వైపు సన్నగిల్లింది. ఇంకా కొంచెం ఉంది. ఇక లేదు.

ఆమె ఏమీ అనలేదు. గోరు చూసుకోలేదు, గోడ చూసుకోలేదు. కూతురి ముఖమే చూస్తూ కూర్చుంది.

గువ్వ పళ్ళ మధ్య ఉన్న క్లిప్పు తీసి నీలి వరుసలో పెట్టింది. మెట్ల మీద, ఇప్పుడు బాగా దగ్గర్లో, ఎవరిదో బూటు కిర్రుమంది.

గువ్వ తల్లి కళ్ళలోకి చూసి నోరు తెరిచింది.